కాలని గుడ్డ

దర్జీ అక్కకి ముందు దగ్గు రాలేదు. అందుకే ఎవరూ ఊపిరితిత్తుల సంగతి అనుకోలేదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. కుట్టుమిషను తొక్కుతుంటే కుడివైపు పక్కటెముకల కింద ఎవరో వేలితో పొడుస్తున్నట్టు ఉండేది. వయసు మీద పడుతోంది కదా అనుకుంది. తరవాత, కూర్చుని కూర్చుని ఒళ్ళు పెరిగింది అనుకుంది. నిజానికి ఆమె జాకెట్లు ఆమెకే వదులవుతున్నాయి. వీధిలో అందరి కొలతలూ కంటితో చెప్పగలిగిన మనిషి తన కొలత చూసుకోలేదు.

ఆసుపత్రిలో ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీరు తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చాక డాక్టరు భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టాడు.

"మీరెప్పుడైనా ఆస్బెస్టాస్ దగ్గర పనిచేశారా?" అని అడిగాడు ఆమెని.

"నేను బట్టలు కుడతానండీ," అంది.

పక్కనున్న భర్త తల వంచుకున్నాడు. ఆయన ఓడల మరమ్మతు యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. బాయిలర్ల గొట్టాలకు వేడి బయటికి పోకుండా రాతినార చుట్టడం ఆయన పని. వీధిలో ఆయన అసలు పేరు పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ తెలియదు, అందరికీ గొట్టాలాయనే. రాతినారనే డాక్టర్లు ఆస్బెస్టాస్ అంటారని ఆయనకు తెలుసు. ఆ రోజుల్లో సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిండిమరలో పడి లేచినట్టు ఉండేవాడు. ఆమె గుమ్మంలోనే చొక్కా విప్పించి, పెరట్లో గట్టిగా దులిపి, అప్పుడు నానబెట్టేది. దులపకుండా నానబెడితే నీళ్ళు బురదయ్యేవి మరి.

ఆ పోగులు కంటికి కనబడవనీ, లోపలికి వెళ్తే బయటికి రావనీ, ఏళ్ళ తరబడి ఊరుకుని, ఉన్నట్టుండి తిరగబడతాయనీ డాక్టరు వివరంగా చెప్పాడు. జబ్బు ఊపిరితిత్తి పైపొరకు పట్టిన క్యాన్సరు. కోసి తీసేసేది కాదు. గొట్టాలాయనకు కూడా పరీక్షలు చేశారు. ఆయన ఛాతీ శుభ్రంగా ఉంది.

"మంచి లాయర్ని చూసుకోండి. ఇలాంటివాటికి పరిహారం ఇస్తారు," అన్నాడు డాక్టరు మందులచీటీ అందిస్తూ. "కొంచెం త్వరగా చూసుకోండి."

త్వరగా ఎందుకో ఇద్దరూ అడగలేదు.

లాయర్ని వెతికే పని ఆమె చెల్లెలి మీద పడింది. చెల్లెలు సిటీ బస్సు నడుపుతుంది. ఊళ్ళో తిరగని సందు లేదు, పోట్లాడని ఆటోవాడు లేడు. "అక్కా, నువ్వు కదలకుండా కూర్చో. నేను చూసుకుంటాను," అంది. కానీ లాయర్లు సందుల్లాంటివాళ్ళు కాదు. ఎక్కడ మలుపు తిరిగితే దారి మూసుకుపోతుందో తెలియదు.

మొదట ఇంటి కాగితాలు చేసిన పాత లాయరు దగ్గరికి వెళ్ళారు. ఆయన మంచివాడు. అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది నా చేతిలో పని కాదమ్మా. పళ్ళ డాక్టరు దగ్గరికి కంటి నొప్పితో వచ్చినట్టు ఉంది. ఇలాంటి కేసులకే పెద్ద ఆఫీసులున్నాయి, అక్కడికి వెళ్ళండి," అన్నాడు.

పెద్ద ఆఫీసు బస్సుల వెనక ప్రకటనలు వేసుకునే ఆఫీసు. చెల్లెలు రోజూ ఆ ప్రకటన వెనకాలే బ్రేకు వేస్తుంది. అద్దాల గది, చల్లటి గాలి, గోడకు టీవీ. కోటు వేసుకున్న కుర్ర లాయరు కంప్యూటరు ముందేసుకుని మర్యాదగా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"యార్డులో ఏ విభాగంలో పనిచేశారమ్మా?"

"నేను కాదు బాబూ, ఈయన."

కుర్ర లాయరు ముఖం వికసించింది. గొట్టాలాయన వైపు కుర్చీ తిప్పాడు. "ఓహో, మీకా సార్ జబ్బు?"

"నాకు కాదు. ఆవిడకి."

"మీకేమీ లేదా? ఆయాసం, నొప్పి? ఎక్స్‌రే తీయించుకున్నారా?"

"తీశారు. బాగానే ఉందన్నారు."

అతను కాసేపు తెర వైపు చూశాడు. ఉద్యోగి పేరు ఒక గడిలో, రోగి పేరు ఇంకో గడిలో పెట్టడానికి ఆ కంప్యూటరు ఒప్పుకోవడం లేదు కాబోలు. చివరికి చేతులు కట్టుకున్నాడు.

"మేము ఉద్యోగుల కేసులే తీసుకుంటున్నామమ్మా. ఇంట్లోవాళ్ళ కేసు నిలబెట్టడం కష్టం, చాలా కాలం పడుతుంది. సార్‌కి వచ్చి ఉంటే ఇబ్బందే ఉండేది కాదు."

అన్నాక తనేమన్నాడో అర్థమై ఎర్రబడ్డాడు. చెల్లెలు కుర్చీలోంచి లేచింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుని లాగి, "పోనీలేవే, పసివాడు," అంది.

తిరిగి చెల్లెలి కారులోనే బయల్దేరారు. ఇంటి వీధి మలుపు దగ్గర గొట్టాలాయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ అబ్బాయి సరిగ్గానే అన్నాడు," అన్నాడు.

"మీరూరుకోండి," అంది భార్య.

ఆ తరవాత ఆయన ఇంకే లాయరు దగ్గరికీ రానన్నాడు. చెల్లెలు బతిమాలింది, కోప్పడింది. "బావా, అక్క పక్కన కూర్చోవడానిక్కూడా నీకు బరువేనా?" అంది. ఆయన లేచాడు. పెరట్లోకి వెళ్ళి బట్టలు ఉతికే బండ దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు బట్టలు ఆయనే ఉతుకుతున్నాడు. పిండడం చేతకాక నీళ్ళు కారుతుండగానే ఆరేస్తాడు.

మూడో లాయరు సంగతి ఆసుపత్రి నర్సు చెప్పింది. టైర్ల దుకాణం మీద ఆఫీసు, బోర్డు కూడా సరిగ్గా కనబడదు, కానీ యార్డు మీద కేసులు వేసి గెలిచిన మనిషి అంది. అక్కాచెల్లెళ్ళిద్దరే వెళ్ళారు. మెట్లు నిటారుగా ఉన్నాయి. దర్జీ అక్క రెండు మెట్లెక్కి గోడ పట్టుకుంది, ఇక కాలు లేవలేదు. చెల్లెలు పైకి పరిగెత్తింది. కాసేపటికి జుట్టు ముడి వేసుకుంటూ ఒక పొట్టి మనిషి దిగి వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఒక చేతిలో ఫైలు, ఇంకో చేతిలో మంచినీళ్ళ సీసా.

"పైన ఏముందిలెండి, ఫ్యాను కూడా తిరగదు. ఇక్కడే కూర్చుందాం," అంది లాయరమ్మ.

టైర్ల దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేయించింది. గాలి కొట్టే మిషను మోగినప్పుడల్లా ఆగి, ఆగాక మళ్ళీ మొదలుపెట్టి, ఆమె అంతా అడిగింది. చొక్కా ఎక్కడ విప్పేవాడు, ఎక్కడ దులిపేది, యార్డులో బట్టలు మార్చుకునే గది ఉండేదా, ఎవరైనా ఎప్పుడైనా హెచ్చరించారా. దర్జీ అక్క ఊపిరి కూడదీసుకుంటూ జవాబులు చెప్పింది.

"ఇది నిలబడే కేసే," అంది లాయరమ్మ. "ఆ దుమ్ము ప్రమాదమని యార్డువాళ్ళకి తెలుసు. తెలిసీ బట్టలు అక్కడ ఉతికించలేదు, అదే చొక్కాతో ఇంటికి పంపారు. ఆ చొక్కాలు ఎవరో ఒకరు ఉతుకుతారని వాళ్ళకి తెలియదా? వాటంతటవే శుభ్రమయ్యేవా? అక్కడ పట్టుకుంటాను."

చెల్లెలు గుండెల మీంచి బండ దిగినట్టు నిట్టూర్చింది. కానీ దర్జీ అక్క లేవలేదు.

"అమ్మా, ఇంకో సంగతుంది," అంది. "ఆ రాతినార గుడ్డ మా ఇంటికి కూడా వచ్చేది. మిగిలిన ముక్కలు. కాలదు కదా, మసిగుడ్డలు కుట్టేదాన్ని. వేడి గిన్నె పట్టుకుంటే చేతికి తెలిసేదే కాదు. బాగున్నాయని వీధిలో అందరూ అడిగేవారు. అందరికీ కుట్టిచ్చాను."

లాయరమ్మ కలం ఆగిపోయింది.

"ఆ గుడ్డ ఎవరిచ్చారు?"

"మా బావగారు. మా ఆయనకి అన్నగారు. అక్కడ పెద్దమేస్త్రీ. ఈయన్ని పనిలో పెట్టించింది కూడా ఆయనే."

"ఆయన ఇచ్చానని చెప్తారా?"

దర్జీ అక్క చెల్లెలి వైపు చూసింది.

"చెప్పకపోతే కష్టం," అంది లాయరమ్మ. "మీ ఆయన దొంగతనంగా తెచ్చాడు, మీరు కుట్టుకున్నారు, మాకేం సంబంధం అంటారు వాళ్ళు. కనీసం మీ ఆయనైనా వచ్చి చెప్పాలి. ఇకపోతే, మీరు కుట్టిచ్చినవి ఇంకా ఎవరిళ్ళలోనైనా ఉన్నాయా?"

"అదేనమ్మా నా బాధ," అంది దర్జీ అక్క.

కారెక్కాక చెల్లెలు ఆపుకోలేకపోయింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదా? మసిగుడ్డల సంగతి నిన్నెవరడిగారు?"

"ఎవరూ అడగలేదు కాబట్టే కదే, అవి ఇంకా వాళ్ళ వంటిళ్ళలో ఉన్నాయి."

మర్నాటి నుంచి దర్జీ అక్క ఇంటింటికీ తిరిగింది. ఒక ఇంటికి వెళ్ళి, వాళ్ళ అరుగు మీద కూర్చుని అలసట తీర్చుకుని, అప్పుడు రెండో ఇంటికి. చాలామంది ఎప్పుడో పారేశామన్నారు. కొందరికి అసలు గుర్తే లేదు. పక్కింటి టీచరు నవ్వేసి, "అవి పట్టుకుంటే పోయేదాన్నయితే ఈ పాటికి పోనూ?" అంది. దర్జీ అక్క ఇంటికొచ్చాక మాత్రం ఆవిడ చేతులు సబ్బు పెట్టి కడుక్కుంటున్న చప్పుడు గోడ అవతలి నుంచి చాలాసేపు వినిపించింది.

బేకరీ ఆవిడ దగ్గర ఒకటి మిగిలింది. పొయ్యిలోంచి వేడి పళ్ళేలు తీయడానికని ప్రత్యేకంగా మోచేతి దాకా వచ్చేటట్టు కుట్టించుకున్నది. అంచులు పీచులు లేచి, నల్లబడి, పొయ్యి పక్క మేకుకి వేలాడుతోంది. దాన్ని ఇన్నేళ్ళూ వాడుతూనే ఉంది. దర్జీ అక్క చెప్పిందంతా విని ఆవిడ బల్ల మీద చేతులు ఆనించి నిలబడింది.

"కొత్తవి ఎన్ని కొన్నా నీ చేతి కుట్టే మన్నింది అని అందరికీ చెప్పుకునేదాన్ని," అంది. "నా కూతురు ఈ పొయ్యి పక్కనే ఉయ్యాల్లో పెరిగింది."

"పరీక్ష చేయించుకోండి. ఇద్దరూ," అంది దర్జీ అక్క. "నాకు తెలిసి ఇవ్వలేదు."

"తెలిసిచ్చావని నేనన్లేదు," అంది బేకరీ ఆవిడ. మాట మెత్తగానే ఉంది కానీ, ఆ రోజు తరవాత ఆమె దర్జీ అక్క గుమ్మం తొక్కలేదు. ఆ గుడ్డని మాత్రం లాయరమ్మ మనిషి వచ్చి సంచిలో మూట కట్టి తీసుకెళ్తుంటే అడ్డు చెప్పలేదు. పరీక్షలో అది యార్డులో వాడిన రకం రాతినారేనని తేలింది.

ఇక మిగిలింది ఎవరిచ్చారన్న ప్రశ్న. గొట్టాలాయనకు ఆ ఫలితం వచ్చిన రాత్రి భోజనాల దగ్గర విషయం చెప్పారు. ఆయన కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది," అన్నాడు చివరికి. "అన్నయ్యకి యార్డు పింఛను వస్తోంది. అక్కడ ఆయన ఫోటో గోడకి పెట్టారు. నేను వెళ్ళి, మా అన్నే ఇచ్చాడు అని ఎలా చెప్పేది?"

"మీరు చెప్పొద్దు. నేనే బావగార్ని అడుగుతాను," అంది భార్య.

ఆదివారం చెల్లెలు ఇద్దరినీ కారులో పెద్దమేస్త్రీ ఇంటికి తీసుకెళ్ళింది. గొట్టాలాయన కారు దిగలేదు. అక్కాచెల్లెళ్ళే లోపలికి వెళ్ళారు. పెద్దమేస్త్రీ ఇంట్లో కూడా ఇస్త్రీ మడత చెదరని చొక్కా వేసుకునే మనిషి. మరదలి వాలకం చూసి కంగారుగా లేచి దిండు వేశాడు, మంచినీళ్ళు తెప్పించాడు. సంగతి విన్నాక మాత్రం వెనక్కి జరిగి కూర్చున్నాడు.

"నేనెప్పుడిచ్చానమ్మా? వాడే తెచ్చుకున్నాడేమో."

"మీరే తెచ్చారు కదా బావగారూ. సంచి నా చేతికిచ్చి, ఎంత వేడైనా పట్టుకోమ్మా, ఇది కాలదు అన్నారు. మొదటి మసిగుడ్డ మీ ఇంటికే కుట్టి పంపాను."

"నాకు గుర్తు లేదు."

"అంకుల్, అక్క చచ్చిపోతోంది," అంది చెల్లెలు.

"నాకు గుర్తు లేదన్నాను కదమ్మా," అన్నాడు ఆయన, ఇద్దరి ముఖాలూ చూడకుండా.

దర్జీ అక్క వాదించలేదు. లేవడానికి చెల్లెలి భుజం ఆసరా తీసుకుని, "సరే బావగారూ. మీరు కూడా ఒకసారి ఛాతీ చూపించుకోండి," అని బయటికి వచ్చింది.

కారులో గొట్టాలాయన, "ఏమన్నాడు?" అని అడిగాడు.

"గుర్తు లేదన్నారు."

ఆయన ఆ ఇంటి వైపు చూశాడు. "నా పుట్టినరోజు నాకే గుర్తుండదు, అన్నయ్య ఫోన్ చేసి చెప్తాడు," అన్నాడు. కాసేపాగి చెల్లెలితో అన్నాడు: "ఆ లాయరమ్మకి చెప్పు. నేనొస్తానని."

దర్జీ అక్క కోర్టుకి వెళ్ళే స్థితి దాటిపోయిందని ఆమె వాంగ్మూలం ఇంట్లోనే తీసుకున్నారు. మంచం ఎదురుగా కెమెరా పెట్టారు. ముక్కుకి గొట్టం ఉంది, దాన్ని తీయడానికి వీల్లేదంటే జుట్టయినా దువ్వమంది. యార్డు తరఫు లాయరు కూడా వచ్చాడు. నెమ్మదైన మనిషే, కానీ అడగాల్సినవన్నీ అడిగాడు. చివర్లో, "దుమ్ము ఇంటికి తెచ్చింది మీ భర్తే కదమ్మా. మీకు ఆయన మీద కోపం లేదా?" అన్నాడు.

"ఎందుకు లేదూ," అంది ఆమె. "చెప్పులు గుమ్మంలో విప్పండి అని పెళ్ళైన దగ్గర్నుంచీ చెప్తున్నాను. ఇప్పటికీ లోపలికే వేసుకొస్తారు. దానికి కోపం ఉంది."

కెమెరా పట్టుకున్నవాడు నవ్వాపుకున్నాడు. ఆమె ఊపిరి తీసుకుని మళ్ళీ అంది: "ఆయన పనికి వెళ్ళారు. పనిలోంచి దుమ్ము వచ్చింది. ఆయనకి తెలిస్తే ఆ చొక్కా నాకిచ్చేవారా?"

గది బయట నిలబడ్డ గొట్టాలాయన లోపలికి రాలేదు. పెరట్లోకి వెళ్ళిపోయాడు.

తరవాత ఆయన వంతు వచ్చింది. ఆయన వాంగ్మూలాన్ని లాయర్ల ఆఫీసులో పొడవాటి బల్ల దగ్గర తీసుకున్నారు. పక్కన లాయరమ్మ, వెనక కుర్చీలో చెల్లెలు.

"మీరు అదే దుమ్ములో ఉద్యోగం అంతా చేశారు. మీకేమీ కాలేదు," అన్నాడు యార్డు లాయరు.

"కాలేదండీ."

"మరి ఎప్పుడో చొక్కాలు దులిపినావిడకి ఎలా వస్తుంది?"

"నేనూ అదే అడుగుతున్నానండీ. రోజూ అడుగుతున్నాను. ఎవరూ చెప్పడం లేదు."

యార్డు లాయరు కాగితాలు సర్దుకున్నాడు. తాను ఎవరికీ గుడ్డ ఇవ్వలేదని పెద్దమేస్త్రీ సంతకం పెట్టిన కాగితం తీసి బల్ల మీద ఉంచాడు. "మీ అన్నగారు అబద్ధం చెప్తున్నారంటారా?"

తండ్రి పోయాక గొట్టాలాయన్ని పెంచింది ఆ అన్నే. ఆయన ఎదుట కుర్చీలో కూర్చోవడానికి ఇప్పటికీ మొహమాటపడతాడు. ఆ సంతకం చూసి, దాని కింద గీసే గీత కూడా గుర్తుపట్టాడు. నీళ్ళ గ్లాసు తీసుకున్నాడు, తాగలేదు.

"అవునండీ," అన్నాడు. "అబద్ధమే చెప్తున్నాడు."

కేసు తేలేలోపే దర్జీ అక్క పోయింది. తెల్లవారి కాఫీ ఇద్దామని గొట్టాలాయన వెళ్ళేసరికి నిద్రలోనే ఊపిరి ఆగిపోయి ఉంది. మిషను మీద, మంచాన పడకముందు మొదలుపెట్టిన టీచరు గారి జాకెట్టు సగం కుట్టి ఉంది. టీచరు వచ్చి, చెయ్యి లేని ఆ జాకెట్టుని అలాగే మడిచి పట్టుకుని, ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. బేకరీ ఆవిడ రాలేదు. ఆ రోజు దుకాణం మాత్రం తెరవలేదు.

ఆ పైన కొన్నాళ్ళకి యార్డువాళ్ళు రాజీకి వచ్చారు. లాయరమ్మ కాగితం చదివి వినిపించింది. పరిహారం ఇస్తారు, కానీ తప్పు తమదని ఒప్పుకోరు.

"ఒప్పుకోకుండా ఎందుకిస్తున్నారు మరి?" అన్నాడు గొట్టాలాయన.

"ఒప్పుకోకుండా ఉండడానికే ఇస్తున్నారండీ," అంది లాయరమ్మ. "ఇంకా పోరాడదామంటే పోరాడదాం. కానీ అక్క వాంగ్మూలం లేకపోతే వీళ్ళు ఇంతదాకా కూడా వచ్చేవాళ్ళు కాదు."

ఆయన చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు తల ఊపింది. సంతకం పెట్టాడు. ఆ డబ్బులో సగానికి పైగా వీధిలోవాళ్ళ పరీక్షలకు ఖర్చయ్యేలా ఏర్పాటు చేయమని లాయరమ్మని అడిగాడు. భార్య అలా చెప్పి పోయింది. బేకరీ ఆవిడా, ఆమె కూతురూ ఏటా వెళ్ళి చేయించుకుంటున్నారు. ఇంతవరకూ ఏమీ లేదు. గొట్టాలాయన ఎదురుపడితే ఆవిడ పలకరిస్తుంది, ఆగదు.

పెద్దమేస్త్రీ ఒక సాయంత్రం వచ్చాడు. తలుపు తెరిచే ఉంది. గుమ్మంలో నిలబడ్డాడు. చొక్కా మడత నలిగి ఉంది.

"నేనే ఇచ్చానురా," అన్నాడు.

"నాకు తెలుసు కదన్నయ్యా. నాకు చెప్పి ఏం లాభం? లాయరమ్మకి చెప్పు."

"ఇప్పుడెందుకురా? అంతా అయిపోయింది కదా."

"మనతో పనిచేసినవాళ్ళ ఇళ్ళలో ఇంకా ఆడవాళ్ళున్నారు అన్నయ్యా. లోపలికి రా, కూర్చో."

పెద్దమేస్త్రీ లోపలికి రాలేదు. కాసేపు గుమ్మం పట్టుకుని నిలబడి, మెల్లగా వెళ్ళిపోయాడు. లాయరమ్మ దగ్గరికి వెళ్ళలేదు. ఆ ఏడు తమ్ముడి పుట్టినరోజుకి ఫోను కూడా చేయలేదు.

వానాకాలంలో లాయరమ్మే గొట్టాలాయనకు ఫోన్ చేసింది. యార్డులో వెల్డరుగా చేసినతని భార్య వచ్చిందట. భర్త ఎప్పుడో పోయాడు, ఆ రోజుల్లో అక్కడ దుమ్ము ఎలా ఉండేదో చెప్పేవాళ్ళు లేరట. ఆయన వస్తానన్నాడు. చెల్లెలు తన బస్సులోనే ఎక్కించుకుని టైర్ల దుకాణం దగ్గర దింపింది.

వెల్డరు భార్య ఇంకా మెట్లెక్కగలుగుతోంది. పైన ఫ్యాను తిరగని గదిలో, ఆసుపత్రి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఆయన్ని చూసి లేచి నిలబడింది.

"మీ ఆవిడకి కూడా ఇదే జబ్బని మేడమ్ చెప్పారు," అంది. "ఇప్పుడెలా ఉన్నారండీ ఆవిడ?"

గొట్టాలాయన లాయరమ్మ వైపు చూశాడు. ఆమె ఫైలు వైపు చూస్తోంది.

"ముందు మీరు కూర్చోండమ్మా," అన్నాడు.